అప్పు తీరిందేటి మరి?

(ఈ సంవత్సరం చదివిన పుస్తకాల మీద ఒక సైన్సు విద్యార్థి అభిప్రాయాలు)

సావనీరుకి వ్యాసం కావాలని యూనియన్ మిత్రులు అడిగినప్పుడు, "నేను సైన్సువాణ్ణి, నాకెందుకీ రాతలు" అని తప్పించుకోబోయాను. "సైన్సువాడివి గనకే అడుగుతున్నాం. ఆర్ట్సువాళ్లు ఎలాగూ రాస్తారు. లైబ్రరీలో కథల పుస్తకాలు పట్టుకొని కూచుంటావు కదా, వాటి సంగతే రాయి" అన్నారు. ఆ మాటలో మెచ్చుకోలు ఎంతో, ఎత్తిపొడుపు ఎంతో నాకు అంతు చిక్కలేదు. మా క్లాసులో సిలబస్‌లో లేని పుస్తకం చదివేవాడంటే సప్లిమెంటరీకి ఇప్పట్నించే సిద్ధమవుతున్నవాడని లెక్క!

నేను సాహిత్యం తెలిసినవాణ్ణి కాను. శిల్పం, శైలి, దృక్పథం అనే మాటలు విన్నాను గాని, వాటిని ఎక్కడ ఎలా వాడాలో తెలియదు. మాది నాగావళి పక్క పల్లెటూరు. రెండెకరాల పల్లం, అరవై సెంట్ల గరువు. ఆ గరువు సంగతి తర్వాత వస్తుంది. మా నాన్న అయిదో తరగతి దాకా చదివి ఆపేసినవాడు. మా ఇంట్లో పుస్తకాలంటే పంచాంగమూ, నా పాఠ్యపుస్తకాలూ, పాల లెక్కల నోటుబుక్కూ. కాబట్టి ఇవి విమర్శకుడి అభిప్రాయాలు కావు. చదివినవాడి అభిప్రాయాలు మాత్రమే.

నాకీ అలవాటు బస్సు వల్ల పట్టుకుంది. క్లాసులు మూడున్నరకి అయిపోతాయి. మా ఊరి బస్సు ఆరింటికి. మధ్యలో రెండున్నర గంటలు ఎక్కడ కూచోవాలి? కాంప్లెక్స్‌లో కూచుంటే ఈగలు, హోటల్లో కూచుంటే డబ్బులు. లైబ్రరీలో ఫ్యాను ఉంది. అలా ఫ్యాను కోసం వెళ్లినవాణ్ణి మొదట ముట్టుకున్న పుస్తకం "కన్యాశుల్కం".

గిరీశం గురించి అందరూ చెబుతారు. నేనూ మొదటి రోజు గిరీశాన్ని చూసి నవ్వుకున్నాను. రెండో రోజు నవ్వు తగ్గింది. రెండు ఇంగ్లీషు ముక్కలతో ఎదుటివాణ్ణి బోల్తా కొట్టించే ఆ విద్య మా హాస్టల్లో ఎంతమందికి లేదు? సెలవులకి ఊరెళ్లినప్పుడు మా చిన్నాన్న ముందు నేను మాత్రం ప్రదర్శించలేదా? నలుగురూ గిరీశం డైలాగులు వల్లిస్తారు గాని, ఆ నాటకంలో నిజంగా బుర్ర ఉన్న మనిషి మధురవాణి అని నా అభిప్రాయం. అందరూ ఆమెను మోసగత్తె అనుకుంటారు. కాని తను చేసేదేమిటో తనకు తెలిసిన మనిషి ఆమె ఒక్కతే.

అయితే సైన్సు విద్యార్థిగా నన్ను కట్టిపడేసింది నాటకం కాదు, దాని పీఠిక. 1897లో అచ్చయిన మొదటి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో పీఠిక రాశారు. అందులో ఒక లెక్క ఉంది. విజయనగరం మహారాజా ఆనందగజపతి తయారు చేయించిన జాబితా అది. విజయనగరం ఆ రోజుల్లో విశాఖపట్నం జిల్లాలోదే. ఆ జిల్లాలో మూడేళ్లలో బ్రాహ్మణ కుటుంబాల్లో డబ్బు పుచ్చుకొని చేసిన పెళ్లిళ్లు, జాబితాకెక్కినంత వరకు, 1,034. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు ఆరుగురు, ఏడాది పిల్లలు ముగ్గురు!

ఈ అంకెలు చూశాక నాటకం మళ్లీ మొదట్నించీ చదివాను. నవ్వించే ప్రతి మాట వెనకా ఆ ముగ్గురు ఏడాది పిల్లలు కనిపించారు. ల్యాబులో మేం ముందు రీడింగులు తీస్తాం, తర్వాత గ్రాఫు గీస్తాం. గురజాడ చేసిందీ అదే. ముందు లెక్క, తర్వాత నాటకం. సాహిత్యం అంటే ఊహ, సైన్సు అంటే నిజం అని మాలో చాలామందికి ఒక అపోహ ఉంది. ఈ పీఠిక ఒక్కటి చదివితే అది వదిలిపోతుంది.

ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. అంత పెద్ద నాటకంలో మాలాంటి వ్యవసాయం ఇళ్లవాళ్లు దాదాపు లేరు. అసిరిలాంటి పనివాళ్లు వస్తారు, పోతారు. అది గురజాడ తప్పనడం లేదు. ఆయన తనకు తెలిసిన అగ్రహారం కథ రాశారు. ఇంకో మాట. ఆనాడు ఆడపిల్లను డబ్బు తీసుకొని ఇచ్చేవారు. ఈనాడు డబ్బు ఇచ్చి మరీ ఇస్తున్నాం. వరకట్న నిషేధ చట్టం 1961లో వచ్చింది. మా అప్ప పెళ్లి ఆరేళ్ల కిందట జరిగింది. చట్టం ఎటు వెళ్లిందో, మా నాన్న సంతకం పెట్టిన ప్రామిసరీ నోటు ఎటు వెళ్లిందో ముందు ముందు చెబుతాను.

తర్వాత చాసో. చాగంటి సోమయాజులు గారు 1915లో శ్రీకాకుళంలో పుట్టి విజయనగరంలో స్థిరపడినవారు. ఆయన కథలు చిన్నవి. బస్సు వచ్చేలోగా రెండు అయిపోతాయి. కాని అయిపోయాక బస్సులో ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు. "ఎందుకు పారేస్తాను నాన్నా" అనే కథలో తండ్రి చుట్టలు తెమ్మని కొడుకుని పంపిస్తాడు. దారిలో బడి ఉంది. డబ్బులు లేక చదువు ఆగిపోయిన ఆ కుర్రాడు ఆ బడి దాటి వెళ్లలేడు. కథ అంతే. ఎవరూ చావరు, ఎవరూ ఉపన్యాసం ఇవ్వరు.

మా అప్ప ఎనిమిదో తరగతిలో క్లాసు ఫస్టు. హైస్కూలు మూడు కిలోమీటర్లు. ఆడపిల్ల నడిచి వెళ్లాలా అని ఆపేశారు. తర్వాత రెండేళ్లకి నాకు అదే స్కూలుకి వెళ్లడానికి సైకిలు కొన్నారు. ఆ రెండు సంగతుల్నీ పక్కపక్కన పెట్టి చూడాలని ఇరవయ్యో ఏడు వచ్చేదాకా నాకు తోచలేదు. చాసో కథ చదివాక తోచింది. రోజూ నేను సైకిలెక్కుతుంటే గుమ్మంలో నిలబడి అప్ప ఏమనుకునేదో! అడగాలని ఉంది. ఇంకా అడగలేదు.

సైన్సు పుస్తకాల సంగతి చెప్పకపోతే మా లెక్చరర్లకి కోపం వస్తుంది. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డవాళ్లం మాలో సగం మంది. అర్థం కానిదాన్ని బట్టీ పట్టడం, బట్టీ పట్టినదాన్ని మరిచిపోవడం, ఇదే మా మొదటి సంవత్సరం. అప్పుడు నండూరి రామమోహనరావు గారి "విశ్వరూపం" దొరికింది. జీవపరిణామం మీద ఆయన రాసిన "నరావతారం" తర్వాత చదివాను. ఇంత శాస్త్రం ఇంత చక్కని తెలుగులో చెప్పొచ్చునని నాకు అంతవరకు తెలియదు. ఆయన సైన్సు లెక్చరరు కాదు, పత్రికా సంపాదకుడు. తెలుగులో సైన్సు చెప్పడం కుదరదు అనేవారు ఆ రెండు పుస్తకాలూ చదివి, ఆ తర్వాత ఆ మాట అనాలని నా మనవి.

ఆ చదువు ఎక్కడ పనికొచ్చిందంటే కల్లంలో. సంక్రాంతి ముందు రాత్రుళ్లు ధాన్యం కాపలాకి నాన్నతోపాటు నేనూ పడుకుంటాను. నాన్న పిల్లలకోడి చుక్కల్ని చూసి వేళ చెబుతాడు. పుస్తకాల్లో కృత్తికలు అనేవి అవే. "ఆ వెలుగు బయలుదేరి నాలుగు వందల ఏళ్లు దాటింది నాన్నా. అప్పటికి విజయనగరం కోట కూడా కట్టలేదు" అన్నాను. నాన్న కాసేపు పైకి చూసి, "అయితే మనం సూసేది పాతబాకీయే అన్నమాట" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అది ఎందుకో తర్వాత తెలిసింది.

పతంజలి గారి "గోపాత్రుడు" గురించి ఒక్క ముక్క. అలమండలో భూమి గుండ్రంగా ఉందా, బల్లపరుపుగా ఉందా అన్నదాని మీద పుట్టిన తగాదా అది. నవ్వి నవ్వి పక్కవాళ్లు కసిరితే బయటికి వచ్చి చదివాను. నిజం ఏమిటన్నది ఎవరికీ అక్కర్లేదు, మన పక్షం నెగ్గడమే కావాలి అన్న సంగతి ఆ నవ్వుల అడుగున ఉంది. ఫోన్లలో వచ్చే ప్రతి వింత వార్తా నమ్మి నలుగురికీ పంపించే మా తరం వాళ్లు, సైన్సువాళ్లతో సహా, తప్పక చదవాల్సిన పుస్తకం.

ఇక అసలు సంగతి. కాళీపట్నం రామారావు గారు, అందరూ కారా మాస్టారనే ఆయన, లెక్కల మాస్టారు. 1924లో పుట్టారు, 2021లో కన్నుమూశారు. శ్రీకాకుళంలో ఆయన పెట్టిన కథానిలయం 1997 ఫిబ్రవరి 22న మొదలైంది. పురస్కారాల సొమ్ముతో మేడలు కట్టుకోక కథలకి ఇల్లు కట్టిన మనిషి. ఏడు రోడ్ల జంక్షన్ మీదుగా మూడేళ్లుగా తిరుగుతున్నాను గాని, ఆ నిలయం గడప ఈ ఏడాదే తొక్కాను. గోడల నిండా కథలే. పాత పత్రికలు, సంపుటాలు. మన ఊళ్లోనే ఇంత ఉందా అని ఆశ్చర్యపోయి, ఇన్నాళ్లూ రానందుకు సిగ్గుపడ్డాను. ఈ కాలేజీలో అక్కడికి వెళ్లినవాళ్లెందరో చేతులెత్తమంటే ఎన్ని లేస్తాయో నాకు అనుమానమే.

ఆయన "యజ్ఞం" కథ 1960ల నడుమ వచ్చింది. ఆ కథ ఉన్న "యజ్ఞంతో తొమ్మిది" సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. ఆ పుస్తకం పట్టుకొని పండక్కి ఊరెళ్లాను. రాత్రి కల్లంలో ఫోను వెలుగులో చదువుకుంటున్నాను. "ఏటిరా అది? కతైతే గట్టిగా సదువు, మేవూ ఇంటాం" అన్నాడు నాన్న. పక్క కల్లం చినతాత కూడా దుప్పటి కప్పుకొని వచ్చి కూచున్నాడు. అన్నం కారియరు తెచ్చిన మామ్మ వెనక్కి వెళ్లకుండా గడ్డిమోపు మీద కూచుంది.

సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పు మీద పంచాయితీ. గోపన్నకి ఇవ్వవలసిన బాకీ. తగువు తీర్చేవాడు శ్రీరాములునాయుడు, ఊరికి మంచి చేసిన పెద్దమనిషి. అందరూ మర్యాదగానే మాట్లాడతారు. ఎవరూ దౌర్జన్యం చెయ్యరు. ధర్మం ప్రకారమే, న్యాయం ప్రకారమే అప్పల్రాముడి భూమి పోతుంది. చివర అతని కొడుకు సీతారాముడు, తన బిడ్డ ఈ అప్పుల బతుక్కి వారసుడు కాకూడదని, కన్నబిడ్డను చంపి పంచాయితీ ముందుకు తెస్తాడు.

చదువుతుంటే నా గొంతు పట్టేసింది. ఆపేశాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. కల్లం అవతల కుక్క ఒకటి మొరిగింది. అప్పుడు నాన్న అన్నాడు: "అప్పు తీరిందేటి మరి?"

నాకు జవాబు లేదు. కథలో లేదు. నేను ఆ కథ గొప్పతనం గురించి ఏదో చెప్పబోయాను. మామ్మ అడ్డం వచ్చింది: "ఆ గుంటడి తల్లి ఏదిరా? కన్నది అది, సాకింది అది. సంపినోడి బాదే బాదా? దాన్నెవులైనా అడిగేరా?"

ఈ కథ మీద పెద్దలు చాలా చర్చ చేశారని విన్నాను. ఆ చర్చలన్నీ నేను చదవలేదు. కాని ఆ రాత్రి చదువురాని మామ్మ, అయిదో తరగతి నాన్న అడిగిన రెండు ప్రశ్నల్ని మించిన విమర్శ ఉంటుందని నేననుకోను. నా అభిప్రాయం అడిగితే, ఆ ముగింపుని నేను ఒప్పుకోలేను. పసిబిడ్డను చంపడం కోపమే గాని దారి కాదు. అయినా ఆ ముగింపు లేకపోతే నాన్న ఆ ప్రశ్న అడిగేవాడు కాడేమో అని కూడా అనిపిస్తుంది. ఈ రెండూ నాలో ఇంకా తేలలేదు.

మర్నాడు పొద్దున్న నాన్న ట్రంకుపెట్టె తీసి ఒక కాగితం నా చేతిలో పెట్టాడు. "లెక్కలు సదువుతున్నావు కదా, ఇది సూడు" అన్నాడు. అప్ప పెళ్లికి తెచ్చిన అప్పు తాలూకు నోటు నకలు. అసలు 50 వేలు. వడ్డీ నూటికి నెలకి రెండు రూపాయలు. మా వైపు దాన్ని ధర్మవడ్డీ అంటారు! అంటే ఏడాదికి నూటికి 24. మూడేళ్లకి 72. నోటు మూడేళ్లు దాటితే కోర్టులో చెల్లదు గనక, గడువులోగా వడ్డీని అసల్లో కలిపి తిరగరాస్తారు. మొదటి మూడేళ్లకి 50 వేలు 86 వేలయింది. రెండోసారి తిరగరాస్తే 1,47,920 అవుతుంది. చక్రవడ్డీ సూత్రం నేను పదో తరగతిలో నేర్చుకున్నాను. దానికి నూటికి నూరు మార్కులు వచ్చాయి కూడా. అది మా ఇంట్లోనే తిరుగుతోందని మాత్రం తెలీదు.

మధ్యలో నాన్న రెండు పంటల్లో ధాన్యం తోలాడు. అది కాగితం మీదికి ఎక్కలేదు. "నమ్మకం మీద ఇచ్చేను, అడిగితే బాగోదు" అన్నాడు. ఈసారి తిరగరాసే బదులు గరువు అమ్మేద్దామని లోపల అనుకుంటున్నాడట. నాతో చెప్పలేదు. "నీ సదువు పాడౌద్దని" అన్నాడు. పాతబాకీ అన్నప్పుడు ఎందుకు నవ్వలేదో అప్పుడు అర్థమైంది.

పంచాయితీ పెద్దల ముందు కూచోడానికి మేం భయపడ్డాం. కథలో ఏమైందో చదివాం కదా! అయినా వెళ్లాం. తోలిన ధాన్యం బస్తాలు, ఆనాటి ధరలు ఒక తెల్లకాగితం మీద రాసుకొని వెళ్లాను. గొడవేమీ పెట్టుకోలేదు. ఒక పంట ధాన్యం ఒప్పుకున్నారు, రెండోది ఒప్పుకోలేదు. ఈ ఏటి ధాన్యం అమ్మి కొంత కట్టాం. ఆ రెండూ కలిపి నోటు వెనక మొదటిసారి చెల్లు పడింది. గరువు ఈ ఏడాదికి నిలిచింది. అప్పు తీరలేదు.

కాబట్టి పుస్తకాల వల్ల అప్పులు తీరతాయని నేను చెప్పను. అలా చెబితే అది గిరీశం మాట అవుతుంది. ఒక కథ గట్టిగా చదివినందువల్ల మా ఇంట్లో ఆరేళ్లుగా మూసి ఉన్న పెట్టె తెరుచుకుంది. అంతవరకే నాకు తెలిసిన నిజం.

భాష గురించి కూడా ఒక మాట. హాస్టల్లో చేరిన కొత్తలో నేను "ఏటి" అంటే నవ్వేవారు. నేను నోరు మూసుకొని "ఏమిటి" నేర్చుకున్నాను. రావిశాస్త్రి, కారా, పతంజలి పుస్తకాల్లో మా మాటలు అచ్చులో చూసినప్పుడు కలిగిన ధైర్యం ఇంతా అంతా కాదు. కాని జాగ్రత్తగా చూస్తే, నేను చదివినంతలో, మా మాట చాలావరకు కొటేషన్ గుర్తుల మధ్యనే ఉంటుంది. రచయిత తనుగా మాట్లాడేటప్పుడు వేరే తెలుగు వస్తుంది. పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. పర్లాకిమిడిలో ఉంటూ సవరల భాష నేర్చి, 1931లో దానికి వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చు వేయించారు. అంతటివారి జిల్లాలో పుట్టి నేను మాత్రం ఏం చేశాను? ఈ వ్యాసంలో నాన్న మాటల్నీ, మామ్మ మాటల్నీ గుర్తుల మధ్య పెట్టి, మిగతాదంతా "ఏమిటి" తెలుగులోనే రాశాను. తప్పు ఇంకొకరిది అనడానికి లేదు.

చివరగా రెండు మనవులు. మొదటిది కాలేజీ పెద్దలకి. బీరువాలకి తాళాలు తీయండి. అద్దాల వెనకున్న పుస్తకానికీ, లేని పుస్తకానికీ తేడా లేదు. మన పల్లెల్లో ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయం సెస్సు కింద మా నాన్నలాంటివాళ్లు కడుతున్నారు. ఊళ్లో లైబ్రరీ తెరిచి ఉన్నా లేకపోయినా కడుతున్నారు. వాళ్ల పిల్లలకైనా తెరిచిన బీరువా కనబడాలి.

రెండోది నాతోటి విద్యార్థులకి. ఈ సెలవులకి ఇంటికి వెళ్లేటప్పుడు ఒక్క కథల పుస్తకం పట్టుకెళ్లండి. మీలో మీరు చదువుకోకండి. గట్టిగా, ఇంట్లో పెద్దవాళ్లు వినేలా చదవండి. మనం పరీక్షలో రాయలేని ప్రశ్నలు వాళ్లు అడుగుతారు. నేను వచ్చే సెలవులకి చాసో కథలు తీసుకెళ్తున్నాను. మా అప్ప పుట్టింటికి వస్తోంది. బడి దాటలేని ఆ కుర్రాడి కథ ఆమెకి చదివి వినిపించాలి. విన్నాక ఏమంటుందో అని ఇప్పట్నించే కొంచెం భయంగా ఉంది.

— బి.ఎస్సీ. చివరి సంవత్సరం విద్యార్థి